పండక్కని దాచినవి

రెండో తేదీ, ఆదివారం

అందరూ బాగున్నారా అని అడగందే నాకు కలం కదలదు. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసినదాన్ని కాదు. కాబట్టి ముందు అందరినీ అడిగేసి తరువాత సంగతికి వస్తాను.

ఆయన మోకాలు ఎలా ఉంది? నిన్నటికన్నా నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటున్నారు. పట్టుకోవడం లేదంటారు, గోడ మీద చేతి మరక ఉంది. అబ్బాయి దగ్గు? ప్రెస్సులో సిరా వాసనకి వస్తుందట. సిరాకే వస్తుందో, లోపల ఇంకేమైనా ఉందో. కోడలి కళ్ళు? పొద్దంతా ల్యాబులో చిన్న గాజుముక్కల్లోకి చూస్తుంది, ఇంటికొచ్చి ఫోన్లోకి చూస్తుంది. కూతురి నడుము? అడిగితే బాగానే ఉందంది. బాగానే అంటే బాగాలేదన్నమాట. మనవరాలికి చివరి దవడ పళ్ళు వచ్చాయా? మూడేళ్ళు నిండాయి, రావాలి. అల్లుడికి ఎలా ఉంది?

అల్లుడి సంగతి నాకేమీ తెలియదు. ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేస్తాడు. పొద్దున్నుంచీ నిలబడే పని. ఆ పనిలో కాళ్ళ నరాలు ఉబ్బుతాయి. అడిగేవాళ్ళు ఉన్నారో లేదో.

నాకు బాగానే ఉంది.

ఇది ఆయన దుకాణం పుస్తకం. గడియారాలు బాగుచేసే రోజుల్లో ఏ గడియారం ఎవరిదో ఇందులో రాసుకునేవారు. వెనక సగం ఖాళీగా ఉండిపోయింది. కోడలు కొత్తది తెచ్చి ఇచ్చింది. ముందు ఇది అవనీ అని దాన్ని బట్టల కింద పెట్టాను. "నాకు చెప్తే నేను కంగారుపడతా, మామయ్యకి చెప్తే నిద్రపోతారు. పుస్తకానికి చెప్పుకోండి అత్తయ్యా" అంది. గుండె దడకి ఇదే మందట.

మూడో తేదీ, సోమవారం

నిన్న దడలో అసలు సంగతే రాయలేదు.

ఇరవై మూడున పండగ. కూతురు వస్తానని ఫోన్ చేసింది. అన్నది అన్నట్టు రాస్తాను. "నేనూ పిల్లా తప్పకుండా వస్తామమ్మా. ఆయన్ని కూడా తీసుకొద్దామని చూస్తున్నా. సరే అనలేదు, కాదనీ అనలేదు."

కాదని అనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని పొద్దున్నుంచి ఇల్లంతా తిరుగుతున్నాను.

అల్లుడు ఈ గడప తొక్కి ఈ పండక్కి నాలుగేళ్ళు. కూతురు మాత్రం ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చి పోతుంది. వచ్చి కుర్చీ అంచున కూర్చుంటుంది. అన్నం పెట్టనా అంటే "తినేసొచ్చానమ్మా" అంటుంది. రెండు గంటల బస్సు ప్రయాణం. ఎప్పుడు తిన్నట్టు, ఎక్కడ తిన్నట్టు. పిల్లకి కూడా డబ్బాలో కట్టుకుని తెచ్చుకుంటుంది. మొగుడు తినని ఇంట్లో తనూ తినదట. ఎవరి మొండితనం వచ్చిందో దానికి అని నేనంటే, ఆయన తల ఎత్తి నా వైపు చూస్తారు.

ఏం జరిగిందంటే, నాలుగేళ్ళ కిందట పండగ భోజనాల దగ్గర ఒక చిన్న మాట వచ్చింది. అంతే. చిన్న మాట.

నాలుగో తేదీ, మంగళవారం

మా ఆయన చేసిన ఘనకార్యం ఇవాళ బయటపడింది. అల్లుడు పంపినవన్నీ నేను ఎప్పటికప్పుడు వాడేస్తున్నానని, ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తింటున్నామని కూతురికి చెప్పారట. అది విన్నాకే అల్లుడి మనసు కొంచెం మెత్తబడిందట.

"ఎందుకండీ అలా చెప్పారు?"

"మరి మీ అమ్మ తాళం వేసి కూర్చుందని దానికి చెప్పనా?"

సంగతి ఏమిటంటే, ఆ గొడవైన నెలకి అల్లుడు కూతురి చేత ఒక పెట్టె పంపాడు. ఆ తరువాత ఏటా పండగ ముందు ఒకటి. మొత్తం నాలుగు. నూనె, వెన్న కాచిన నెయ్యి, బాదం, జీడిపప్పు, ఎండు ద్రాక్ష, తేనె, యాలకులు, దాల్చినచెక్క. అంత లావు బాదం పప్పులు నేను పుట్టి ఎరగను. ఒక్కొక్క గింజా ఏరినట్టు ఉంటుంది. "ఆయనే ఏరి తెచ్చారమ్మా" అని అది చెప్పి, పెట్టె బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతుంది.

అంత మంచి సరుకు రోజువారీ వంటలో ఎవరైనా పోస్తారా? వాళ్ళిద్దరూ వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చున్న రోజున వాళ్ళకే వండి పెట్టాలని దాచాను. మొదటి ఏడు రాలేదు. దాచాను. రెండో ఏడూ రాలేదు. పాతది ముందు వాడాలి కదా, పాతది వాడకుండా కొత్తది ఎలా తీస్తాం? పాతదేమో వాళ్ళకని పెట్టింది. అలా నాలుగు పెట్టెలూ కట్టిన తాళ్ళతో సహా అల్మరాలో ఉండిపోయాయి.

ఇప్పుడు కూతురు ముందురోజే వచ్చి వంటలో చెయ్యి వేస్తుందట. "అల్మరా నేను సర్దుతా, ఏవి అయిపోయాయో చూసి ఆయన చేత తెప్పిస్తా" అంది. అది అల్మరా తెరుస్తుంది. నాలుగు పెట్టెలూ చూస్తుంది. నా మొగుడు పంపినవి మా అమ్మ ముట్టుకోను కూడా ముట్టుకోలేదు అనుకుంటుంది. ఇక ఈ జన్మలో రాదు.

పెట్టెలు ఖాళీ చెయ్యాలి. అందులోవి వండాలి. పండక్కి అవే వండాలి.

ఐదో తేదీ, బుధవారం

మొదటి పెట్టెలోని నూనె డబ్బా మూత తీశాను. వాసన లేదు. ఉన్నది రేకు వాసన.

ఆరో తేదీ, గురువారం

నాకు జలుబుగా ఉంది. జలుబు చేసినప్పుడు దేన్నీ వాసన చూడకూడదు. అన్నీ ఒకేలా ఉంటాయి.

ఎనిమిదో తేదీ, శనివారం

కోడలికి ల్యాబు సెలవు. నేను వంటింట్లో బాదం పప్పులు నీళ్ళలో కడుగుతుంటే వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"ఏంటత్తయ్యా ఈ వాసన? పాత సైకిలు గొలుసులా ఉంది."

"బాదం పప్పులమ్మా. కొంచెం గాలి తగలక."

పెట్టె చూసింది. తాడు చూసింది. నా మొహం చూసింది. కింద కూర్చుని ఒక్కొక్క పొట్లం మీదా తేదీలు చదవడం మొదలుపెట్టింది. ల్యాబులో సీసాల మీద చదివినట్టే, పైకి, వరుసగా.

"ఇది పోయి మూడేళ్ళయింది. ఇది పోయి రెండున్నర. దీనికి మొన్ననే ఏడాది నిండింది. ఇది బతికే ఉంది, కానీ కోమాలో ఉంది."

"శుభమా అని పండక్కి చేసుకుంటుంటే ఆ మాటలేంటే?"

"మరి చచ్చిపోయినవాటిని వండి పెడతానంటారేంటి? మీ అల్లుడి ముక్కు సంగతి తెలీదా మీకు? వీధి మలుపులోనే పట్టేస్తాడు."

బాదం గిన్నె పక్కన పెట్టి కూర్చున్నాను. అది నీళ్ళిచ్చి, నవ్వు ఆపుకుని, "ఎవరికీ చెప్పనులెండి" అంది. ఆ సాయంత్రానికే అబ్బాయికి తెలిసింది. అబ్బాయికి తెలిసింది కాబట్టి ఆయనకీ తెలిసింది.

ఆయన పేపరు దించకుండానే అన్నారు, "మన పెళ్ళయి నలభై ఏడేళ్ళు. ఈ ఇంట్లో ఒక్క మంచి పండు తిన్న పాపాన పోలేదు నేను. బుట్టెడు తెస్తే మచ్చపడ్డవి ముందు. అవి అయ్యేసరికి మంచివాటికి మచ్చలొస్తాయి. మళ్ళీ అవి ముందు."

అబ్బాయి నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. ఆ దగ్గు పొడిగా ఉంది. పొడి దగ్గు మంచిది కాదు.

పదకొండో తేదీ, మంగళవారం

బాదం, జీడిపప్పు, ద్రాక్ష అన్నీ డాబా మీద పాత దుప్పటి పరిచి ఎండబెట్టాను. ఎండకి వాసన పోతుంది. మా అమ్మ అలాగే చేసేది. మా అమ్మ ఇంట్లో మంచి గింజ మేం తినే గింజ కాదు. విత్తనానికి, చుట్టానికి. మాకు ఏరగా మిగిలింది. దాంతోనే పెరిగాం, ఏం తక్కువైంది?

పిచ్చుకలు వచ్చాయి. దుప్పటి అంచున నిలబడి చూశాయి. వెళ్ళిపోయాయి. తరువాత కాకి వచ్చింది. ఒక జీడిపప్పు ముక్కున పట్టుకుని, అక్కడే వదిలేసి పోయింది.

కాకులు కూడా పెట్టి పుట్టాయి ఈ రోజుల్లో.

పన్నెండో తేదీ, బుధవారం

వేయిస్తే వాసన ఇంకా పెరిగింది. వేయించకూడదు.

పదమూడో తేదీ, గురువారం

పారేద్దామని నిశ్చయించుకున్నాను. పెట్టెలు లేకపోతే కూతురు చూసేదేమీ ఉండదు. ఆయన ఆడిన అబద్ధమే నిజమైపోతుంది. ఎవరికీ నష్టం లేదు.

ఉదయం చెత్తబండి రాగానే మొదటి పెట్టె మోసుకుని కిందికి దిగాను. చెత్తబండి ఆవిడ పెట్టె అందుకుని, మూత ఎత్తి చూసి, ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇదేంటి, రెండు డబ్బాలకి సీలు కూడా తియ్యలేదే."

"పాడైపోయాయమ్మా."

"తియ్యకుండానే పాడయ్యాయా?"

"తియ్యకపోబట్టే."

ఆవిడ తేనె సీసా పైకి తీసి వెలుగులో పెట్టి చూసింది. "ఎవరో బాగా చూసి కొన్నారు ఇది. మా ఇంట్లో తేనె అంటే బెల్లం పాకమే" అంది. అని, నా చేతిలో పెట్టింది.

నేను సీసా పట్టుకున్నాను. తరువాత డబ్బా కూడా వెనక్కి అడిగాను. తరువాత పెట్టె మొత్తం. ఆవిడే మెట్ల దాకా మోసుకొచ్చి ఇచ్చింది. మళ్ళీ అల్మరాలోనే పెట్టాను.

పది రోజులుంది.

పద్నాలుగో తేదీ, శుక్రవారం

ఆ చిన్న మాట ఏమిటో రాద్దామని కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం మాడింది.

పదిహేనో తేదీ, శనివారం

రాస్తాను. పుస్తకం నాదే, ఎవరు చూస్తారు.

నాలుగేళ్ళ కిందట పండగ రోజు ముప్ఫై మందికి వండాను. కొత్త అల్లుడు. అతని తరఫువాళ్ళు, మా తరఫువాళ్ళు, అందరూ ముందు గదిలో కూర్చున్నారు. అల్లుడు నవ్వుతూ వంటింట్లోకి వచ్చాడు, సాయం చేస్తానని చొక్కా చేతులు మడుచుకుంటూ. కొత్తవాడు, చనువు కోసం వచ్చాడు. పొయ్యి మీద నూనె కాగుతోంది. ఒక్క నిమిషం ఆగి, డబ్బా దగ్గరికి వెళ్ళి, వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. నా చెవిలో చెప్పినట్టే మెల్లగా అన్నాడు, "అత్తయ్యా, ఈ నూనె మారిపోయింది. దీంతో చెయ్యొద్దు, నేను వెళ్ళి వేరేది తెస్తా" అని.

మెల్లగానే అన్నాడు. మా ఆడపడుచు మాత్రం విన్నది.

నేను గట్టిగా అన్నాను. ముందు గదిలోకి వినపడేలా అన్నాను. "జీతానికి వండేవాళ్ళ దగ్గర వంట నేర్చుకునే గతి నాకు పట్టలేదు" అన్నాను.

అల్లుడు వేలు తుడుచుకున్నాడు. భోజనాలయ్యేదాకా అందరికీ నీళ్ళు పోశాడు, వడ్డించాడు. తను కూర్చోలేదు. కూతురు కూడా కూర్చోలేదు. బస్సు టైము అయిందని ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఇది చిన్న మాట కాదు.

ఇంకొకటి కూడా ఉంది. అదీ రాసేస్తాను. నూనె మారిపోయిందని నాకు తెలుసు. పొద్దున్న మూత తీసినప్పుడే తెలుసు. మంచి డబ్బా వేరే ఉంది. దాన్ని దాచాను.

పదహారో తేదీ, ఆదివారం

ఇవాళ ఎవరి ఒంట్లో ఎలా ఉందో అడగలేదు. ఎవరినీ అడగలేదు. కోడలు వచ్చి నా నుదురు పట్టుకుని చూసింది.

"జ్వరం లేదు. మరెందుకు అడగట్లేదు మమ్మల్ని? నాకు తలనొప్పిగా ఉంది, మీరు అడుగుతారని పొద్దున్నుంచి ఆపుకుని కూర్చున్నా."

తలనొప్పి ఎందుకొచ్చిందో, ఎటువైపో కనుక్కున్నాక దానికి మొత్తం చెప్పాను. నిన్న రాసినదంతా. అది నవ్వలేదు.

"అయితే ఏం చేద్దామంటారు?"

"అమ్మాయి చూసేలోపు ఆ పెట్టెలు నేనే తీసుకెళ్ళి అల్లుడికి చూపిస్తాను. ఏది పనికొస్తుందో, ఏది రాదో అతనే చెప్పాలి. ఆ వాసన అతనికే తెలుస్తుంది."

"పెట్టెలు మోసుకుని? ఆసుపత్రికా?"

"బస్సులో పెట్టుకోనిస్తారంటావా?"

"వాసనకి దింపేస్తే దిగుదాం" అంది. మంగళవారం సెలవు పెడతానంది.

పదిహేడో తేదీ, సోమవారం

బస్సు బోల్తా పడితే నూనె అంతా జనం మీద పడుతుంది. డబ్బాల మూతలకి గుడ్డలు చుట్టాను.

పంతొమ్మిదో తేదీ, బుధవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పొద్దున్న ఆరింటికి బయలుదేరాం. నేను ఏమీ తినలేదు, కోడల్నీ తిననివ్వలేదు, బస్సులో తిప్పుతుందని. రెండు సంచుల్లో నాలుగు పెట్టెలూ, వాటి తాళ్ళతోనే మళ్ళీ కట్టి.

ఆసుపత్రి చాలా పెద్దది. క్యాంటీన్ వెనక వైపు ఉంది. రోగుల తాలూకు మనుషులు వరసలో నిలబడి ఉన్నారు. ముందున్నావిడని ఎవరికి బాగాలేదమ్మా అని అడిగాను. వాళ్ళాయనకి. ఆవిడ ముందున్నాయన తమ్ముడికి. ఆ ముందున్న అమ్మాయి దాకా కనుక్కునేసరికి కోడలు నా చెయ్యి పట్టుకుని లాగింది. "అత్తయ్యా, మనం వచ్చిన పని వేరే."

వంటగది తలుపు సగానికి తెరిచి ఉంది. లోపల మనిషి దిగి స్నానం చెయ్యగలిగేంత పెద్ద గిన్నెలు, ఆవిరి. గోడకి పలక. దాని మీద ఏ వార్డుకి ఎంతమంది, ఎవరికి ఉప్పు లేకుండా, ఎవరికి నూనె లేకుండా, ఎవరికి మెత్తగా అని వరుసలు. ఆ పలక ముందు ఒక ముసలాయన నిలబడి పోట్లాడుతున్నాడు.

"మాస్టారూ, నిన్నా చప్పగానే పెట్టావు, ఇవాళా చప్పగానే పెట్టావు."

"మీకు అంతే రాసిచ్చారు తాతగారూ. డాక్టరమ్మతో పోట్లాడుకోండి."

"ఆవిడతో పోట్లాడితే సూది పొడుస్తుంది."

"నాతో పోట్లాడితే రేపు కూడా చప్పగా పెడతా. ఇవాళ నిమ్మకాయ ఎక్కువ పిండాను, తిని చూసి చెప్పండి."

ఆ మాస్టారు మా అల్లుడు. తల నెరిసింది. నాలుగేళ్ళలో అంత నెరుస్తుందా? నిలబడి ఆ పలక మొత్తం చదివాను. చదవడం నాకు నిదానం. ఆరువందల పైచిలుకు మనుషులు, ఒకరి ఉప్పు ఇంకొకరికి కలవదు. నేను ముప్ఫై మందికి వండి నాలుగు రోజులు మంచమెక్కాను.

అప్పుడు నన్ను చూశాడు. చేతిలో గరిటె పక్కన పెట్టేశాడు. మొహంలో రంగు పోయింది.

"ఎవరికేమైంది అత్తయ్యా?"

"ఎవరికీ ఏమీ కాలేదు బాబూ."

"మామయ్యగారికా?"

"బాగున్నారు. మోకాలొక్కటే."

"బావకి? దగ్గు అన్నారు."

"బాగానే ఉన్నాడు."

"మీకా? నిజం చెప్పండి. ఇక్కడికి ఊరికే ఎవరూ రారు."

ఒక్కొక్కరినీ నాలాగే అడుగుతున్నాడు. నేను సంచి ఎత్తి బల్ల మీద పెట్టాను. కోడలు రెండోది పెట్టింది. "పేషెంట్లు వీళ్ళే అన్నయ్యా" అంది.

అతను పెట్టెలు విప్పి చూశాడు. తను కట్టిన తాళ్ళు తనకి తెలియవా?

"అన్నీ వాడేశారని చెప్పారు మామయ్యగారు."

"ఆయన అబద్ధం చెప్పారు బాబూ. నా పరువు కోసం."

"మీకు నచ్చలేదన్నమాట."

"నచ్చకపోతే ఎప్పుడో వాడేసేదాన్ని. నచ్చనివే కదా నేను ముందు వాడేది."

అతను కోడలి వైపు చూశాడు. కోడలు తల ఊపింది. "నిజమే అన్నయ్యా. ఈవిడకి నచ్చిన చీర ఒక్కటి కూడా కట్టుకోగా నేను చూడలేదు."

"మీరిద్దరూ వచ్చి కూర్చున్న రోజున వండుదామని దాచాను. మీరు రాలేదు. నేనూ రమ్మని పిలవలేదు. ఇప్పుడు ఇవి పాడయ్యాయో లేదో నాకు తెలియడం లేదు. తెలుస్తోంది, కానీ ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మీరే చూసి చెప్పండి."

చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. ఒక్కొక్కటీ తీశాడు. నూనె రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. బాదం పప్పు కొరికి, నమలకుండా ఉమ్మేశాడు. ద్రాక్ష చీల్చి లోపల చూశాడు. నేను ఒంటి కాలి మీద నిలబడ్డట్టు ఉన్నాను. ఒక్కొక్కటీ అటో ఇటో పెడుతున్నాడు. అటు పక్క ఎక్కువైపోతోంది. ఇటు పక్క చివరికి మిగిలినవి తేనె సీసాలు నాలుగూ, దాల్చినచెక్క, పోయినేటి ద్రాక్షలో సగం.

"మిగతావి పారెయ్యాలి అత్తయ్యా."

"నా ఎదురుగా వద్దు."

"మీరు అటు తిరగండి."

నేను పలక వైపు తిరిగాను. వెనక నూనె ఒంపిన చప్పుడు వినపడింది. చాలాసేపు ఒంపాడు. అటు తిరిగి ఉన్నప్పుడే అన్నాను. ఎదురుగా అనగలిగేదాన్ని కాదు.

"ఆ రోజు నూనె నిజంగానే మారిపోయింది. నాకు ముందే తెలుసు. మీరన్నది నిజమని తెలిసే ఆ మాట అన్నాను. జీతానికి వండేవాళ్ళు అన్నాను. అది తప్పు మాట బాబూ."

ఒంపడం ఆగింది. తరువాత అతను అన్నాడు.

"మొదటి పెట్టె కోపంతో పంపాను. నూనె అంటే ఇలా ఉంటుంది, చూసుకో అని. బాగుందని మీరు కబురు పెడతారని, ఆ మాట విని గెలిచాననుకోవాలని. మీరు పెట్టలేదు. రెండోది ఇంకా కోపంతో పంపాను."

"మూడోది?"

"మూడోసారికి అలవాటైపోయింది. బజారులో మంచి బాదం కనిపిస్తే ఇవి అక్కడికి అని పక్కన పెట్టేవాణ్ణి."

"మరి నాలుగోది?"

అతను ఖాళీ డబ్బా బోర్లించి పెట్టాడు. "కూర్చోండి, భోజనం చేసి వెళ్దురుగాని" అన్నాడు.

"తినేసొచ్చాం బాబూ."

అనేశాను. నా నోటి నుంచే వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియదు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు తాగినదాన్ని కాదు. అతను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, నాలుగేళ్ళుగా నేను నిలబడుతున్నాను. కోడలు నా నడుం మీద గిల్లింది.

"అబద్ధం. ఆకలిగా ఉంది" అన్నాను.

వంటగదిలోనే ఓ మూల బల్ల తుడిచి రెండు పళ్ళాలు పెట్టాడు. అన్నం, కూరగాయల కూర, పెరుగు. రోగులకి పెట్టేదే. క్యారెట్టు క్యారెట్టులా ఉంది, బీన్సు బీన్సులా ఉన్నాయి. మళ్ళీ వడ్డిస్తుంటే చాలనలేదు. పొద్దున్న తరిగినవా అని అడిగాను.

"పొద్దున్న వచ్చినవి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం వచ్చినవి సాయంత్రానికి. రేపటికి ఏదీ ఉంచం అత్తయ్యా. ఇక్కడ రేపటి సంగతి ఎవరికీ తెలియదు."

పళ్ళెంలో ఒక్క మెతుకూ మిగల్చకుండా తిని నీళ్ళు తాగాను.

లేచేటప్పుడు పండక్కి రమ్మని పిలిచాను. నా నోటితో పిలిచాను. అతను ఆ పలక వైపు చూశాడు.

"ఇరవై మూడున కుదరదు అత్తయ్యా. పండగ రోజు ఇక్కడ ఉన్నవాళ్ళకి నేను కాక ఎవరు వండుతారు? ఏటా ఆ రోజు నాకు డ్యూటీయే. కొత్త పెళ్ళికొడుకునని ఆ ఒక్క ఏడాది వదిలారు."

రానని కాదు, కుదరదన్నాడు. కానీ రాడు కదా. బస్సులో కోడలు నా భుజం మీద పడి నిద్రపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

అతని కాళ్ళ సంగతి అడగడం మరిచిపోయాను.

ఇరవయ్యో తేదీ, గురువారం

కూతురు ఫోన్ చేసింది.

"ఆయన దగ్గర తిన్నావటగా అమ్మా."

"తిన్నాను."

"రెండుసార్లు వడ్డించుకున్నావట."

"నీ మొగుడు ఆ సంగతి కూడా చెప్పాడా?"

"వచ్చినప్పటి నుంచి అదే చెప్తున్నారు" అంది. తరువాత ముక్కు చీదింది. జలుబా అని అడిగాను. కాదంది.

పెట్టెలు అలా ఎందుకుంచావని అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాను. అడగలేదు.

ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం

అల్లుడే ఫోన్ చేశాడు. మొదట ఆయనతో మాట్లాడాడు. ఆయన ఊఁ, ఊఁ అంటూ వింటున్నారు, నాకేమో ప్రాణం పోతోంది. చివరికి ఫోన్ నాకిచ్చారు.

పండగ అయ్యాక గురువారం సెలవు దొరికిందట. ఆ రోజు వస్తామన్నాడు. పండగ ఆదివారం కదా బాబూ, గురువారం నాటికి పండగ ఎక్కడుంటుంది అన్నాను. ఆయన పక్కనుంచి అందుకున్నారు. "నాలుగు రోజులు వెనకబడ్డ గడియారాన్ని పారేస్తామా? ముల్లు తిప్పుకుంటాం. నా జీవితమంతా ఆ పనే చేశాను."

ఆదివారం మాకు మామూలు వంటే. పండగ వంట గురువారం. అబ్బాయి ప్రెస్సుకి సెలవు చెబుతానన్నాడు. కోడలు ఈ నెలలో సెలవలన్నీ మా ఇంటి నూనెకే అయిపోయాయంది, అయినా పెడుతుందట.

అల్లుడు ఒక్క షరతు పెట్టాడు. "ముందుగా ఏమీ కొనొద్దు అత్తయ్యా. ఒక్క ఉల్లిపాయ కూడా. నేను పొద్దున్నే దిగుతా. ఇద్దరం బజారుకి వెళ్దాం. ఏది బాగుంటే అది తెచ్చి, ఆ పూటే వండి, ఆ పూటే తినేద్దాం."

ఒకవేళ ఆ రోజు బజారులో ఏమీ బాగుండకపోతే అన్నాను. బాగున్నంతవరకే వండుదామన్నాడు. వాన పడితే అన్నాను. గొడుగు తెస్తానన్నాడు. కాళ్ళు ఎలా ఉన్నాయి బాబూ, పొద్దంతా నిలబడతారు కదా అని అడిగాను. సాయంత్రానికి లాగుతాయి అత్తయ్యా అన్నాడు. రాత్రి పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకోమన్నాను. సరేనన్నాడు.

కూతురు ఫోన్ లాక్కుని, ముందురోజు రానులే, అందరం కలిసే వస్తాం అంది. పిల్లకి డబ్బా కట్టుకొస్తావా అని అడిగాను. లేదంది.

ఇరవై ఏడో తేదీ, గురువారం. ఆరున్నర బస్సుకి ఎక్కితే ఎనిమిదిన్నరకి దిగుతారు. ముగ్గురూ.